రెండు భుజాలూ ఒకేసారి

జనవరి 14

బూట్లు పోయాయని అమ్మతో చెప్పాను. "కాళ్ళకున్న బూట్లు ఎలా పోతాయిరా గుల్వెన్?" అంది. వ్యాయామం గదిలో ఎవరో మార్చేసుకున్నారన్నాను. సరేనని తలూపింది. సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది?

బూట్లు రేవు నీళ్ళలో ఉన్నాయి. ఒకటి మా బడి రివాల్ విసిరాడు, రెండోది వాడి తోకలిద్దరిలో ఒకడు విసిరాడు. "ఈదుకుంటూ పోయి తెచ్చుకో చెల్లెమ్మా!" బస్టాపులో పదకొండుమంది ఉన్నారు, లెక్కపెట్టాను. పదకొండుమందికీ ఒకేసారి ఫోన్లలో ఏదో పని పడింది.

మేజోళ్ళతో ఇంటికి నడిచాను. వాన కూడా.

జనవరి 15

ఏమీ లేదు.

జనవరి 19

అక్టోబరు దాకా రివాల్‌కి నా పేరు కూడా సరిగ్గా తెలియదు. బస్సులో నా ఫోను లాక్కుని, నేను ఒకబ్బాయికి రాసి పంపకుండా ఉంచుకున్న నాలుగు వాక్యాలు గొంతు మార్చి మార్చి పైకి చదివాడు. అంతే. అప్పట్నించి ఊరంతటికీ నేను 'తేడా'. ఆ అబ్బాయి ఇప్పుడు వేరే బస్సులో వెళ్తున్నాడు. వాణ్ణి తప్పు పట్టను. నేనైనా అదే చేద్దును.

మూడువేల మంది ఉన్న ఊరు మాది. ఒక రేవు, ఒక ఫ్యాక్టరీ, ఒక బస్సు. తప్పించుకోవడానికి సముద్రం తప్ప దారి లేదు. నాన్న ఆ దారే పట్టాడు, నెలలో ఇరవై రోజులు పడవ మీదే ఉంటాడు.

ఫిబ్రవరి 4

పాత ఐసు గిడ్డంగి తలుపు మీద కాగితం: గూరెన్ నేర్పబడును, ఆరేళ్ళ నుంచి అరవై దాకా.

గూరెన్ అంటే ఫ్రాన్సులో ఈ మూలనున్న మా బ్రెటన్ వాళ్ళ కుస్తీ. తాత ముత్తాతలనాటిది. తాతలే పట్టుకోనీ అనుకునేవాణ్ణి. కానీ లోపలికెళ్ళాను. నేలంతా రంపపు పొట్టు, జానెడు మందాన. మధ్యలో ఎర్వెలీన్ గారు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నారు. యాభై ఎనిమిదేళ్ళావిడ, పీపాలా ఉంటుంది. పెద్దాసుపత్రిలో రోగుల ఒళ్ళు తుడిచే ఉద్యోగం, సాయంత్రాలు ఇది.

"ఎందుకొచ్చావు అబ్బాయ్?"

"ఒళ్ళు గట్టిపడుతుందని."

"అందరూ అదే అంటారు" అంది. "చెప్పులు విప్పు."

ఒళ్ళు గట్టిపడటానికే. ఇంకెందుకూ కాదు.

ఫిబ్రవరి 11

పట్టు మొదలుపెట్టే ముందు ప్రమాణం చెయ్యాలి. మోసం లేకుండా, మొరటుతనం లేకుండా పోరాడతాను, అందుకు సాక్ష్యంగా నా చెయ్యీ నా చెంపా ఇస్తున్నాను అని. చెప్పి ఊరుకోవడం కాదు, నిజంగానే ఇవ్వాలి. చెయ్యి కలిపి, చెంపకి చెంప ఆనించాలి.

ఇది తెలిస్తే వచ్చేవాణ్ణే కాదు. నా జోడీ గిరెగ్, రొయ్యల పడవ వాళ్ళబ్బాయి. ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు వెనక్కి జరుగుతాడు అని బిగుసుకుపోయాను. వాడు మామూలుగా వంగి చెంప ఆనించాడు, చేపల వాసన, ఆపైన నన్నెత్తి నేలకేసి కొట్టాడు. లేవమని చెయ్యిచ్చాడు.

ఇంత మర్యాదగా నన్నెవరూ కొట్టలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకో తెలియదు.

మార్చి 11

ఐదు వారాలుగా పడటమే. "పడటం రానివాడికి పడేయటం నేర్పను" అంటుంది ఆవిడ. నా వీపు అట్లపెనంలా ఉంది.

మార్చి 25

ఇవాళ పడేశాను! లోపలి మెలిక. ఎదుటివాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, దగ్గరికి లాగి, వాడి కాలు వెనక నా కాలు కొక్కెంలా వేసి, ఛాతీతో తొయ్యాలి. చెయ్యి ముందు తగిలినా, నడుం ముందు తగిలినా లెక్కలోకి రాదు. రెండు భుజాలూ ఒకేసారి తగలాలి. దాన్ని లామ్ అంటారు. అప్పుడు రెండు చప్పుళ్ళు కాదు, ఒకటే వస్తుంది. దభ్. గిరెగ్ పడుకునే "భలే" అన్నాడు.

ఎర్వెలీన్ గారు మెచ్చుకోలేదు. నా చెవి పట్టుకుని దగ్గరికి లాగింది. "ఇది పొట్టు మీది ఆట. బయటంతా రాయి. రాయి మీద ఈ మెలిక వేశావంటే పడ్డవాడు లేవడు. బుర్రకెక్కిందా?"

ఎక్కిందన్నాను.

మార్చి 26

మా రేవు గట్టంతా గ్రానైటు రాయి. ఊరికే రాస్తున్నాను.

ఏప్రిల్ 3

ముగ్గురూ కలిసి పట్టుకున్నారు, బడి మరుగుదొడ్లో. రివాల్ దగ్గర గడ్డం గీసుకునే కత్తి ఉంది. గొంతు కోస్తాడేమో అనుకున్నాను, అంత భయపడ్డాను, ఒప్పుకుంటున్నాను. కనుబొమ్మ గీశాడు. ఒక్కటే. "రెండోది వచ్చే వారం. వాయిదాల పద్ధతి."

మెలిక గుర్తురాలేదు. గుర్తొచ్చినా ఏం లాభం? ముగ్గురు. మెలిక ఒక్కడికే వెయ్యగలం.

అమ్మ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది. పందెం వేసి ఓడిపోయానన్నాను. "ఎవరితో?" అంది. సంచీ సర్దుకోవడంలో పడ్డాను. కనుబొమ్మల పెన్సిలు తెచ్చి తనే దిద్దింది. ఆ వేళ్ళకి సార్డీన్ వాసన ఏ సబ్బుకీ పోదు.

ఏప్రిల్ 9, బుధవారం

బుధవారాలు మధ్యాహ్నం బడి లేదు. గాలి పీల్చుకుందామని దీపస్తంభం వెనక్కి నడిచాను. పాత రోజుల్లో పడవలు దింపిన ఏటవాలు రాతిబాట ఉంది అక్కడ. ఇప్పుడెవరూ రారు.

రివాల్ గాలం వేసుకుని ఉన్నాడు. ఒక్కడే. వాడు చూడకముందే వెనక్కి వచ్చేశాను.

ఏప్రిల్ 16, బుధవారం

మళ్ళీ అక్కడే ఉన్నాడు. రెండింటికి వస్తాడు, పోటు పాదాల దాకా వచ్చేవరకూ ఉంటాడు. తోకలు రావు, వాళ్ళకి చేపలంటే విసుగు. అలల హోరులో వెనక ఎవరొచ్చిందీ వాడికి వినపడదు.

నడక ఒంటికి మంచిది. డాక్టర్లే చెప్తారు.

ఏప్రిల్ 30, బుధవారం

నడకకి వెళ్ళాను.

మే 18, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

ఇవాళ మా ఊరి సెయింటు పండగ. చర్చి నుంచి ఊరేగింపు, తర్వాత మైదానంలో పాత పద్ధతి కుస్తీ. పెద్దవాళ్ళకి పొట్టేలు బహుమతి, మాకు కోడిపుంజు. పాత పద్ధతి అంటే, గెలుస్తాననుకున్నవాడు బహుమతి ఎత్తుకుని బరి చుట్టూ నడుస్తాడు. చూసేవాళ్ళలో ఎవరైనా సరే "ఆగు!" అంటే వాడితో పట్టు పట్టాలి. ఎవరూ అనకపోతే బహుమతి వాడిదే.

ఎర్వెలీన్ గారు వెళ్ళమని కళ్ళతో సైగ చేసింది. పుంజుని చంకలో పెట్టుకుని బయల్దేరాను. అది నా మోచెయ్యి పొడుస్తోంది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా ఒక బెంచీ మీద, మధ్యలో అమ్మ, పక్కన నొల్వెన్. నొల్వెన్ రివాల్ వాళ్ళమ్మ. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పదేళ్ళుగా చేపల తలలు కోస్తున్నారు. అమ్మ కొత్త స్కార్ఫు కట్టుకుంది. నన్ను చూసి పక్కవాళ్ళకి వేలు పెట్టి చూపిస్తోంది. ఆ ఒక్క నిమిషం నేను ఈ ఊరివాణ్ణి. నిజంగా.

"ఆగు!"

రివాల్ గొంతు. బరిలోకి దూకాడు. సరే రా అనుకున్నాను, ఇక్కడ వాడొక్కడే, కింద పొట్టు ఉంది, ఊరంతా చూస్తోంది. ఇంతకంటే ఏం కావాలి? ప్రమాణం చెప్పమన్నారు. చెప్పాడు. చెయ్యీ చెంపా ఇవ్వమన్నారు. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పెదాలు సున్నాలా చుట్టి, చప్పుడొచ్చేలా గాలిలో ముద్దు పెట్టి, జనం వైపు తిరిగాడు. "నావల్ల కాదు బాబోయ్! పట్టుకున్నాడంటే మళ్ళీ వదుల్తాడా వీడు?"

జనం నవ్వారు. పడీ పడీ నవ్వారు. పాదిరీ గారు దగ్గినట్టు నటిస్తూ నవ్వారు. బెంచీ మీద ఆడవాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. నొల్వెన్ మాత్రం "ఒరేయ్ రివాల్!" అని గదిమింది, కానీ ఆవిడ భుజాలు కూడా ఊగుతున్నాయి. అమ్మ నవ్వలేదు. అమ్మ నేల చూసుకుంది. అది నేను చూడకుండా ఉంటే బాగుండేది.

చెయ్యి ఇవ్వలేదు కనక రివాల్ అనర్హుడని న్యాయనిర్ణేత ప్రకటించాడు. పట్టు పట్టకుండానే నేను గెలిచాను. పుంజుని పట్టుకుని నిలబడ్డాను.

మే 19

అమ్మ పుంజుని వండింది. ఇద్దరమూ తినలేదు. ఎర్వెలీన్ గారు ఫోను చేసింది, తియ్యలేదు.

మే 21, బుధవారం

వాన. ఇంట్లోనే ఉన్నాను. ఏమీ జరగలేదు.

మే 22

బడిలో ఒకటే గోల. నిన్న మధ్యాహ్నం రివాల్ రాతిబాట మీద నాచుకి జారి తల పగలగొట్టుకున్నాడట. పీతలు పట్టే ముసలాయన చూసి ఫోను చేశాడట. హెలికాప్టరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. స్పృహ లేదు. తోకలిద్దరూ ఏడుస్తున్నారు.

ఆ బాట మీద నాచు ఎప్పుడూ ఉంటుంది. మునిసిపాలిటీ వాళ్ళు గీకించాలి. ఎన్నిసార్లు చెప్పినా వినరు.

మే 24

అమ్మ పొద్దున్నే లేచి ఎండు ఆల్‌బుకారా పళ్ళతో ఫార్ అనే మా పాల కేకు కాల్చింది. "నొల్వెన్‌కి ఇచ్చిరా. మొన్నటిది మనసులో పెట్టుకోకు. కష్టంలో ఉన్న మనిషి" అంది. కడుపు నొప్పన్నాను. "ఇచ్చొచ్చి పడుకో."

తీసుకెళ్ళాను. పళ్ళెం ఇంకా వేడిగా ఉంది. నొల్వెన్ తలుపు తీసి, నన్ను చూసి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "వాడు నిన్నంత ఏడిపించినా వచ్చావు నాయనా. నువ్వు బంగారం." నా మెడ తడిసింది. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

బంగారం అంది.

మే 27

క్లాసు అయ్యాక పొట్టు సర్దమని నన్ను ఒక్కణ్ణీ ఉంచింది ఎర్వెలీన్ గారు. దంతె నా చేతికిచ్చి, తను బల్ల మీద కూర్చుంది.

"రివాల్ ఒళ్ళు రోజూ నేనే తుడుస్తున్నాను" అంది.

పొట్టు లాగుతూనే ఉన్నాను.

"జారిపడ్డవాడికి పిర్ర కములుతుంది. మోచెయ్యి చీరుకుపోతుంది. పడేటప్పుడు ఎవడైనా చెయ్యి పెట్టుకుంటాడు. వీడికి చేతుల మీద గీత లేదు. వీపు మీద రెండు మచ్చలున్నాయి. కుడి భుజం వెనకొకటి, ఎడమ భుజం వెనకొకటి. రెండూ ఒకే సైజు, ఒకే రంగు. డాక్టర్లకి అది దెబ్బ. నలభై ఏళ్ళుగా నేను చూస్తున్నది ఏమిటో నీకు తెలుసు."

దంతె పళ్ళకి పట్టిన పొట్టు దులిపాను.

"ప్రమాణం చేసిన చెయ్యిరా అది!"

"రాయి మీద నేను ఏ ప్రమాణమూ చెయ్యలేదు" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆపైన లేచి నా నడుం పట్టీ విప్పించి మడిచి జేబులో పెట్టుకుంది.

"నేను ఎవరికీ చెప్పను. అది నీ పని. చెప్పేదాకా ఈ గడప తొక్కకు."

మే 28, బుధవారం

ఇది నా పుస్తకం. ఇందులో కూడా అబద్ధం రాసుకున్నాను. సిగ్గులేదు నాకు.

పోయిన బుధవారం వాన లేదు. రెండున్నరకి వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో నాకు తెలుసు, ఏప్రిల్ నుంచీ తెలుసు. రివాల్ వెనక్కి తిరిగి చూశాడు. తోకలు లేకపోతే వాడి గొంతు వేరు. "నువ్వా? ఇవాళ ఒక్క చేపా లేదురా" అన్నాడు. గాలం దారం సవరిస్తూ, "ఆదివారం అది... ఏదో సరదాకి. మా అమ్మ తిట్టింది" అన్నాడు. నేలచూపులు చూస్తున్నాడు. క్షమించమనడం చేతకానివాడు అలాగే అంటాడేమో. నాకప్పుడే అర్థమైంది. అర్థమయ్యాకే చేశాను.

"ఆదివారం చెయ్యివ్వలేదుగా. ఇప్పుడివ్వు" అన్నాను.

నవ్వాడు. గాలం కింద పెట్టి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఇచ్చాడు. పద్ధతి గుర్తొచ్చినట్టుంది, చెంప కూడా వంచాడు.

ఆ చేతినే పట్టుకుని లాగాను. ఇంత బాగా మెలిక ఎప్పుడూ పడలేదు నాకు. ఒకటే చప్పుడు రావాలి కదా, దభ్ అని వచ్చింది. వెంటనే ఇంకోటి వచ్చింది, చిన్నది. అది తల.

పోటు వస్తోంది. చొక్కా పట్టుకుని ఆరడుగులు పైకి లాగాను. అది చేశాను, అది నిజం. ఆపైన ఇంటికొచ్చేశాను. జేబులో ఫోనుంది. దారంతా ఉంది. గదిలో కూర్చుని నాలుగు గంటలకి హెలికాప్టరు మోత విన్నాను. గంటకి పైగా వాడు అక్కడే పడున్నాడు.

వాడు నాకు చెంప ఇచ్చాడు.

జూన్ 1

రివాల్‌కి స్పృహ వచ్చింది. అమ్మ ఫోను పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చింది, సంతోషంతో. నేను కూడా ఏడ్చాను. నాది దేనికో రాయను.

పోలీసులు మంగళవారం వాడితో మాట్లాడతారట.

జూన్ 3

ఏ క్షణానైనా తలుపు కొడతారు.

జూన్ 4, బుధవారం

ఎవరూ రాలేదు. ఉండబట్టలేక బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. నొల్వెన్ నన్ను చూసి మురిసిపోయి, "స్నేహితులు మాట్లాడుకోండి" అని కాఫీకి వెళ్ళింది.

రివాల్ తల గొరిగేశారు. ఎడమ చెవి వినపడదు. మాటకీ మాటకీ మధ్య వెతుక్కుంటున్నాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను, అంతే, వాడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ వైపు జరిగాడు.

"జారానని... చెప్పాను" అన్నాడు. "నువ్వు పడేశావని... ఎలా చెప్పుకోను? నీలాంటివాడు... నన్ను! ఊళ్ళో నవ్వరూ?" దుప్పటి వదలకుండా, "ఇంక రాకు. నీకు దండం పెడతా" అన్నాడు.

బస్సులో వస్తుంటే కడుపులో వెచ్చగా ఉంది. బతికాననుకున్నాను. కానీ అది కాదు. వాడు గోడకి జరిగాడే, అది. దానికి సంతోషం వేసింది. చాలా సంతోషం వేసింది.

జూన్ 5

బస్సులో తోకలిద్దరూ నాకోసం సీటు ఖాళీ చేశారు. వాళ్ళకెవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెల్లెమ్మా అనలేదు. కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. నాకు కావలసింది ఇదేగా.

జూన్ 6

బడి మెట్ల మీద దిగుతుంటే ముందు తోకల్లో ఒకడు వెళ్తున్నాడు. వాడి కాలు వెనక నా కాలు ఆనించాను. తొయ్యలేదు. ఆనించానంతే, మొహం ఎలా పెడతాడో చూద్దామని. కమ్మీ పట్టుకుని వెనక్కి చూశాడు. తెల్లగా పాలిపోయాడు. కింద ఇరవై రాతిమెట్లున్నాయి.

నేను నవ్వాను. నా నవ్వు నాకు వినపడింది.

జూన్ 8, ఆదివారం

అమ్మతో చెప్పాను.

ఉల్లికాడలు తరుగుతోంది. నిలబడే మొదలుపెట్టాను. ముందు తేలికైనది చెబుదామనుకున్నాను. అక్టోబరు నుంచీ అదే ప్రపంచంలోకెల్లా కష్టమైన మాట అనుకున్నాను, ఇప్పుడది తేలికైపోయింది. "అమ్మా, నేను... నాకు అబ్బాయిలంటేనే..."

"తెలుసు" అంది, కత్తి ఆపకుండా. "నీ పన్నెండో ఏట నుంచీ తెలుసు. నువ్వు చెప్పేదాకా అడక్కూడదని ఊరుకున్నా. దానికింత వణుకుతావేంట్రా పిచ్చి సన్నాసీ? కూర్చో."

కూర్చోలేదు. రెండోది చెప్పాను. బుధవారాల నడక, చెయ్యి, చెంప, చప్పుడు, జేబులో ఫోను, మెట్లు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగింది. వాళ్ళు నన్ను ఏం చేశారో కూడా చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపింది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నావైపు తిరగకుండానే అంది:

"నువ్వు అలాంటివాడివని తెలుసురా నాకు. ఇలాంటివాడివని తెలియదు."

నేను ఏడుస్తున్నాను. దగ్గరికి తీసుకోలేదు. కాసేపటికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది, తడి చెయ్యి, పెట్టి అలాగే ఉంచింది. "నొల్వెన్ పక్కన రోజూ నిలబడుతున్నానురా నేను" అంది. "ముందు ఆవిడకి చెప్పాలి. నువ్వే చెప్పాలి. నేను పక్కన ఉంటా. అక్కణ్ణించి పోలీసుల దగ్గరికి. అక్కడా ఉంటా."

మొహం కడుక్కొస్తానని పైకొచ్చాను. కింద బీరువా తలుపు చప్పుడైంది, కోటు తీసుకుంటోంది. ఇది రాయడానికి కూర్చున్నానని అమ్మకి తెలుసు, అయినా తొందరపెట్టలేదు. ఇప్పుడు పిలుస్తోంది. పిలుపు మామూలుగానే ఉంది, భోజనానికి పిలిచినట్టు.

వస్తున్నానన్నాను.